గొంతు మార్చినా

తెనాలిలో రేపల్లె రైలెక్కాను. ఎదురు సీట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నావిడ నేనేం చేస్తుంటానని అడిగింది. గొంతుల మీద పరిశోధన అన్నాను.

"ఫోన్లో రెండు మాటలు వింటే చాలండి, ఎవరివో మా మెషిన్ చెప్పేస్తుంది."

"గొంతు మార్చి మాట్లాడితేనో?"

"ముక్కు మూసుకుని మాట్లాడినా దొరికిపోతారండి," అన్నాను గర్వంగా.

ఆవిడ ఫోన్ సంచిలో పెట్టేసింది. వేమూరు దాటాక మెల్లగా చెప్పింది. భర్త కొడుతుంటే తట్టుకోలేక ఇల్లొదిలి వచ్చేసిందట. పాపని మాత్రం అత్తింటివాళ్లు పంపలేదు. అప్పుడప్పుడూ ఎవరి ఫోన్ నుంచో ఆ ఇంటికి చేస్తుందట. పాప ఎత్తితే, గ్యాస్ ఆఫీసు అమ్మాయిలా గొంతు మార్చి, "పెద్దవాళ్లున్నారామ్మా?" అని అడుగుతుందట.

"'లేరండి' అంటుంది అన్నయ్యా. ఆ ఒక్క మాట కోసమే చేసేది. నేనని తెలిస్తే ఆయన వెతుక్కుంటూ వచ్చేస్తాడు. ఇంక చెయ్యనులెండి."

అలాంటి మెషిన్ మామూలు ఇళ్లల్లో ఉండదని చెప్పాల్సింది. గొంతు మారిస్తే మా మెషిన్ కూడా చాలాసార్లు పొరబడుతుందని చెప్పాల్సింది. అంత గొప్పలు పోయి, అంతలోనే కాదనడానికి నాకు నోరు రాలేదు. మాటలు కూడదీసుకునేలోపు భట్టిప్రోలు వచ్చింది. ఆవిడ వెళ్లొస్తానని చెప్పి దిగిపోయింది.

ఫోన్ చేసేది అమ్మేనని పాపకి తెలియదు కాబట్టి, ఆ ఫోన్ రాకపోయినా బెంగ పెట్టుకోదని సర్దిచెప్పుకుంటాను. తెలిసే "లేరండి" అనేదేమోనని కూడా అనిపిస్తుంది.