సున్నపు గీత దాటిన మాస్టారు

మొన్న ఆదివారం పొద్దున్న మా వీధి చివర రోడ్డు మీదుగా సైకిల్ పందెం వెళ్ళింది. ముందు పోలీసు జీపు వెళ్ళింది. ఒక నిమిషంపాటు రోడ్డంతా ఖాళీగా ఉంది. తరువాత ఆ చప్పుడు వచ్చింది. సన్నటి టైర్లు పదులకొద్దీ ఒక్కసారిగా తారు మీద దొర్లుతుంటే, ఎండిన చెరకాకుల్లోకి గాలి దూరినట్టుంటుంది. జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నా పక్కనున్నాయన ఫోనులో ఏ సైకిలు ఎక్కడుందో చిన్న చిన్న చుక్కలుగా కదులుతూ కనబడుతోంది. పాలప్యాకెట్లతో నిలబడి ఉన్నవాణ్ణి, అలాగే ఎవరిదో అరుగు మీద కూర్చుండిపోయాను. పదిహేనేళ్ళ క్రితం ఇలాంటి పందెంలోనే ఒక పెద్దాయన నలుగురి ముందూ నా వైపు తిరిగి, నేను కళ్ళారా చూసిన సంగతిని చూశానని చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఆ ఒక్క మాటా చెప్పకపోవడం వల్ల ఆయనకు ఏం పోయిందో చోడవరంలో చాలామందికి తెలియదు. తెలియాలనే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు యోబు. మా హైస్కూల్లో తెలుగు మాస్టారు. సొంతూరు రావికమతం దగ్గర పల్లె. చోడవరం వచ్చి ఉండమని ఎంతమంది చెప్పినా వినకుండా, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ సైకిలు మీదే వచ్చి వెళ్ళేవారు. వానాకాలంలో ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చెప్పులు హ్యాండిల్‌కి తగిలించుకుని వచ్చేవారు. క్లాసులో ఆయన మాట్లాడే తెలుగు పుస్తకంలోంచి దిగినట్టుండేది. గేటు దాటి సైకిలెక్కారంటే పక్కా మా వైపు మాటే. అదేమిటని అడిగితే, "బడిది బడి తెలుగు, రోడ్డుది రోడ్డు తెలుగు. దేని సొక్కా దానికి తొడగాలి గదా" అనేవారు.

తొమ్మిదో తరగతిలో ఆయన మా చేత పంచదార ఫ్యాక్టరీ మీద వ్యాసం రాయించారు. నేను నాలుగు పేజీలు రాసి, అందరికంటే ఎక్కువ రాశానని పొంగిపోయాను. ఆయన ఆ కాగితాలు జేబులో పెట్టుకుని, బడి వదిలాక నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరకు తీసుకెళ్ళారు. గానుగ సీజను. చెరకు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. బళ్ళ కింద గోనెలు పరుచుకుని రైతులు నిద్రపోతున్నారు. ఒక ఎద్దు పక్క బండిలోని చెరకు లాక్కుని నములుతోంది.

"ఇయ్యన్నీ నీ నాలుగు పేజీల్లో ఉన్నాయేట్రా అప్పల్రాజూ?" అని అడిగారు.

"లేవు మాస్టారూ."

"మరి నువ్వు రాసిందేటి? మీ బాబు సెప్పింది, మీ మావ సెప్పింది. తప్పనను. కానీ విన్నదాన్ని విన్నట్టు రాయాలి. సూసినోడు 'వచ్చేడు' అంటాడు, విన్నోడు 'వచ్చేడట' అంటాడు. ఆ ఒక్క 'ట' నిన్ను అబద్ధికుడివి కాకుండా కాస్తాది. ఏ భాషలో ఉందిరా ఇంత సులువు?"

నాకు రాయడం నేర్పింది ఆ మాటే. డిగ్రీ మధ్యలో ఆగిపోయి, ఫ్యాక్టరీ కాటా దగ్గర చీటీలు రాస్తున్న రోజుల్లో, ఒక దినపత్రికకు మా మండలంలో విలేకరి కావాలని తెలిసి దరఖాస్తు పెట్టించింది కూడా ఆయనే. నేను రాసిన వార్త పేపర్లో పడిన ప్రతిసారీ, మర్నాడు సైకిలు ఆపి ఏదో ఒక వాక్యం పట్టుకునేవారు. "రైతులు హర్షం వ్యక్తం చేశారని రాసేవు. ఎలా వ్యక్తం సేసేరు? గెంతేరా?" అని నవ్వించేవారు. ఇంటికెళ్ళి ఆలోచిస్తే సిగ్గేసేది. అయితే పత్రికాఫీసు నాకు వేరే పాఠం నేర్పింది. అక్కడ 'ట'కి చోటు లేదు. 'అయిందట' అని పంపితే డెస్కు నుంచి ఫోను వచ్చేది: "అయిందా, కాలేదా? ఇదేమైనా ఊళ్ళో కబుర్లా?" దాంతో నేనే ముందుగా 'ట'లు తీసేసి పంపడం మొదలుపెట్టాను. వేదిక మీద కూర్చున్న పెద్దల పేర్లన్నీ వార్తలో ఉండాలని, ఒక్క పేరు తప్పినా పెద్ద గొడవని కూడా నేర్చుకున్నాను.

ఆ ఏడు మా ప్రాంతంలో ఐదు రోజుల సైకిల్ పందెం పెట్టారు. రోజుకో అంచె. ఒక అంచెలో గీత దాటనివాడు మర్నాటి అంచెకు ఉండడు. బయటి ఊళ్ళ నుంచి ఖరీదైన సైకిళ్ళతో కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళతోపాటు మామూలు సైకిళ్ళకు కూడా ఒక విభాగం పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను చేరమన్నారు. ఆ విభాగానికి వేళ కట్టుబాటు లేదు. చీకటి పడేలోపు గీత దాటితే చాలు. యాభై దాటిన యోబు మాస్టారు సెలవు పెట్టి, అందులో పేరు ఇచ్చారు. ఆయన్ని చూసి పాలు పోసేవాళ్ళు, ఫ్యాక్టరీ కూలీలు మరికొందరు ఇచ్చారు.

టీ కొట్టు దగ్గర అందరూ ఆయన్ని ఏడిపించారు.

"మాస్టారూ, కప్పు కొట్టుకొచ్చేత్తారేటి?" అన్నాడు కొట్టు సన్యాసి.

"కప్పులు నీ కొట్లో బోలెడున్నాయి గదరా, కడగనివి" అన్నారాయన. అందరూ నవ్వారు. తరువాత నా వైపు తిరిగి, మామూలుగానే అన్నారు: "ఎన్నో వాడిగా వచ్చేనన్నది నాకు అక్కర్లేదురా. ఐదు గీతలూ దాటాలి. ఇన్నేళ్ళు తొక్కేను, ఒక్కడూ లెక్క రాయలేదు. ఈ ఐదు రోజులూ ఎవడో ఒకడు రాస్తాడు గదా. బళ్ళో పిల్లలకి కూడా మాటిచ్చేను."

మొదటి అంచె సులువుగానే దాటారు. రెండో అంచె చోడవరంలో మొదలై, చీడికాడ మీదుగా కొండల అంచునే తిరిగి మళ్ళీ చోడవరం చేరుతుంది. విలేకరులం మేం ఒక్కరం కూడా ఆ దారిలోకి వెళ్ళలేదు. నిర్వాహకులు మాకు గీత దగ్గర షామియానాలో కుర్చీలు వేశారు. సోడాలు, బిరియానీ పొట్లాలు వచ్చాయి. మొదటి ముగ్గురూ వచ్చారు. దండలు వేశారు. నేను వేదిక మీది పేర్లు రాసుకుంటున్నాను. వెనకవాళ్ళ సంగతి చూడటానికి వెళ్ళిన వాలంటీరు కుర్రాడు బైకు మీద తిరిగొచ్చి, సోడా తాగుతూ నాతో అన్నాడు: "మీ మాస్టారు దిగిపోనారన్నా. చీడికాడ దాటేక ఎత్తుంది గదా, అక్కడ."

దిగిపోనారు. మా వైపు ఆ మాటకు రెండర్థాలున్నాయి. పనిలోంచి తప్పుకున్నా దిగిపోవడమే, సైకిలు మీంచి కిందికి దిగినా దిగిపోవడమే. గొలుసు జారిపోతుంటే ఆయన సైకిలు దిగి, ఎత్తు పొడుగునా నడిపించుకుంటూ వస్తున్నారని వాడి ఉద్దేశం. "దిగి?" అని నేను ఒక్క ముక్క అడిగి ఉంటే చెప్పేవాడే. అడగలేదు. వార్త పంపే వేళ అవుతోంది. ఇంటర్నెట్ సెంటరుకు పోయి కూర్చుని, పదకొండు మంది పెద్దల పేర్లు పొల్లు పోకుండా రాశాక, చివర ఒక వాక్యం చేర్చాను: చోడవరానికి చెందిన ఉపాధ్యాయుడు యోబు చీడికాడ సమీపంలో పందెం నుంచి వైదొలిగారు.

తిరిగి వచ్చేసరికి షామియానా విప్పేస్తున్నారు. గుంజలు వ్యానులోకి ఎక్కిస్తున్నారు. సూర్యుడు ఇంకా పూర్తిగా కుంగలేదు. రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీసిన గీత సగం చెరిగిపోయి ఉంది. యోబు మాస్టారు అప్పుడు వచ్చారు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, చేతులు మోచేతుల దాకా గొలుసు మసి. గీత దాటి, బ్రేకు వేసి, చుట్టూ చూశారు. రాసుకునేవాళ్ళెవరూ లేరు. నేనున్నాను.

"ఒరే అప్పల్రాజూ! టైమెంతయిందిరా? రాసుకో."

"రాశాను మాస్టారూ" అన్నాను.

ఆయన నవ్వి, రోడ్డు పక్కనే కూర్చుని, నా చేతిలో సోడా అందుకుని తాగారు. పేజీ డెస్కు నుంచి వెళ్ళడానికి ఇంకా రెండు గంటలుంది. ఒక్క ఫోను చేస్తే ఆ వాక్యం పోయేది. కానీ అంతకు ముందు నెలలోనే ఒక పేరు తప్పు రాసి చివాట్లు తిన్నాను. ఇంకోసారైతే మనిషిని మారుస్తామన్నారు. చివరి లైనేగా, ఎవరు చదువుతారు అనుకున్నాను. ఫోను జేబులోనే ఉండిపోయింది.

మర్నాడు పేపరు తెరిస్తే, పదకొండు మంది పెద్దల పేర్లలో ఎనిమిది ఎగిరిపోయాయి. చివరి వాక్యాన్ని మాత్రం విడిగా తీసి, చుట్టూ గీతలతో డబ్బా కట్టి, పైన 'మధ్యలోనే దిగిన మాస్టారు' అని పెట్టారు.

ఆ పేపరు చేతిలో పట్టుకునే నిర్వాహకుడు మూడో అంచె పేర్లు పిలుస్తున్నాడు. యోబు మాస్టారు నంబరు గుడ్డ గుండెకు కట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ఆయన పేరు పిలవలేదు.

"మీరు నిన్న మానేశారు కదండీ" అన్నాడు నిర్వాహకుడు.

"ఎవరు సెప్పేరు? గీత దాటేను బాబూ. మీవోళ్ళు అప్పటికే సర్దుకుని ఎల్లిపోనారు."

"పేపర్లోనే వచ్చింది కదండీ!"

మాస్టారు పెద్దగా నవ్వారు. "పేపరోడు ఇక్కడే ఉన్నాడు. నిన్న నేను దాటినప్పుడు ఎదురుగా ఉన్నది ఈడే. సెప్పరా అప్పల్రాజూ."

అందరూ నా వైపు తిరిగారు. వాళ్ళలో మా పత్రిక ఏజెంటు ఉన్నాడు, పోటీ పత్రికల విలేకరులున్నారు. నేను చేతిలో నోటుపుస్తకం తెరిచి, ఆ సంగతి ఎక్కడో రాసుకున్నట్టు పేజీలు తిప్పడం మొదలుపెట్టాను. తిప్పుతూనే ఉన్నాను. తల ఎత్తలేదు. చివరికి ఆయన గొంతే వినబడింది. "సర్లే బాబూ. పేర్లు పిలుసుకోండి. కుర్రోళ్ళకి ఎండెక్కిపోతాది." నంబరు గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, నిర్వాహకుడి చేతిలో పెట్టారు. సైకిలు తిప్పుకుని తిన్నగా బడికి వెళ్ళి, మిగతా సెలవు రద్దు చేసుకుని, మొదటి పీరియడ్ పాఠం చెప్పారట. ఇది నేను చూడలేదు, విన్నాను.

పిల్లలు ఆయనకు 'దిగుడు మాస్టారు' అని పేరు పెట్టారు. రిటైరయ్యేదాకా ఆ పేరు ఆయన సైకిలు వెనకే పరుగెత్తింది. మరుసటి ఏడు మామూలు సైకిళ్ళ విభాగానికి మా వైపు నుంచి ఒక్కరూ పేరివ్వలేదు. "మాస్టారంతటోరే దిగిపోనారు, మనమెంత?" అన్నారు. నిర్వాహకులు ఆ విభాగాన్నే తీసేశారు. ఒకరోజు కొట్టు సన్యాసి "అదుగో, దిగుడు మాస్టారు ఎల్తన్నారు" అంటే అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నోట్లో చేదుగా ఉంటుంది. తరువాత కూడా ఆయన రోడ్డు మీద కనబడితే బాగున్నావా అని అడిగేవారు. నా వాక్యాల గురించి మాత్రం మరెన్నడూ మాట్లాడలేదు. నేను ఇంకా పదేళ్ళు వార్తలు రాశాను. అడిగేవాడు లేకపోయేసరికి ఎలా పడితే అలా రాశాను.

మొన్న ఆదివారం అరుగు మీంచి లేచి, పాలు ఇంట్లో ఇచ్చేసి, షేరు ఆటో ఎక్కి ఆయన పల్లెకు వెళ్ళాను. యోబు మాస్టారు, ఆయన భార్య శాంతమ్మగారు వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. ఆయన బాగా చిక్కిపోయారు. నన్ను ముందు గుర్తుపట్టింది ఆవిడే.

"దిగుడు మాస్టారింటికి దారి తెలిసిందేటి బాబూ ఇన్నాళ్ళకి?" అన్నారు.

"ఊరుకోయే" అని మాస్టారు ఆవిణ్ణి కసిరి, నాకు పీట జరిపారు. "ఆడేటి సేస్తాడు? ఆడు రాసిందొకటి, ఆఫీసోళ్ళు ఏసిందొకటి. ఉద్యోగం గదా, నలుగురిలో మా ఆఫీసుదే తప్పని ఎలా సెప్తాడు?"

"పదిహేనేళ్ళ నుంచి ఇదే పాట బాబూ" అన్నారు శాంతమ్మగారు. "నేను నీ పేరెత్తితే సాలు, మా గుంటడు అలాటోడు కాదు, ఆఫీసోళ్ళే మార్సేసేరు అంటారు."

ఆ ఇంట్లో నన్ను ఇన్నేళ్ళూ ఆయనే కాపాడుకొస్తున్నారు. నేను తల ఊపితే చాలు. టీ తాగి, ఆరోగ్యం సంగతులు అడిగి, ఆయన కల్పించుకున్న మంచివాడిగానే వెనక్కి రావచ్చు. శాంతమ్మగారు నా ముఖంలోకి చూస్తున్నారు. నేను పీట మీంచి దిగి నేల మీద కూర్చున్నాను.

"ఆఫీసువాళ్ళు ఏమీ మార్చలేదు మాస్టారూ. వైదొలిగారని రాసింది నేనే. ఎవరో అన్న మాట పట్టుకుని, అడక్కుండా రాసేశాను. మీరు గీత దాటడం చూశాక కూడా ఫోను చెయ్యలేదు. రాశానని మీతో అబద్ధమాడాను. మర్నాడు మీరు అడిగితే భయపడి తల దించుకున్నాను. మిమ్మల్ని ఆ పేరుతో పిలుస్తుంటే నేనూ నవ్వాను. తప్పంతా నాదే. నన్ను క్షమించండి మాస్టారూ. అమ్మా, మీరు కూడా."