ముక్కలు పడేయలేనివాణ్ణి

చిత్తూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పేకలో ఏ ముక్క వచ్చే అవకాశం ఎంతో బోర్డు మీద వేసి చూపించగలను. అలాంటివాణ్ణి ఆరేళ్లపాటు ప్రతి ఆదివారం పలమనేరు వెళ్లి పోకర్ ఆడి, దాదాపు ప్రతి ఆదివారం ఓడిపోయి వచ్చాను.

ఆట నేర్పింది నా డిగ్రీ స్నేహితుడే. బెంగళూరులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, అది మానేసి, సొంత ఊరు పలమనేరులో పాలకేంద్రం పెట్టుకున్నాడు. ఆ కేంద్రం మిద్దె మీద గదిలో భోజనాలయ్యాక ఐదుగురం కూర్చునేవాళ్లం. మిగిలిన ముగ్గురిలో ఒకాయనకు టైర్ల షాపు, ఒకాయనకు టమోటా మండీ, ఇంకొకాయన బస్సు కండక్టరు. పందేనికి చింతగింజలు వాడేవాళ్లం. సాయంత్రం పాలు పోసేవాళ్లు వచ్చే వేళకు ఆట ముగిసేది.

ఈ ఆటలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు వస్తాయి. అవి ఎవరివి వాళ్లే చూసుకోవాలి. తర్వాత అందరికీ కనబడేలా మధ్యలో ఐదు ముక్కలు విడతలుగా తిప్పుతారు. ప్రతి విడతలోనూ పందెం పెంచొచ్చు, లేదా చేతిలోవి పడేసి తప్పుకోవచ్చు. తప్పుకోవడమే సగం ఆట అని నా స్నేహితుడు మొదటి రోజే చెప్పాడు. నాకు చేతకానిది అదే.

పనికిమాలిన ముక్కలు వచ్చినా, తర్వాత ఏ ముక్క వస్తుందో చూద్దామనుకునేవాణ్ణి. సగం గింజలు పెట్టేశాక వాటిని వదులుకోబుద్ధయ్యేది కాదు. ఓడతానని తెలిసి కూడా, ఎదుటివాడి చేతిలో ఏముందో చూడకుండా ఉండలేక చివరిదాకా ఉండేవాణ్ణి. గెలిస్తే అది నా తెలివి. ఓడితే ముక్కల తప్పు. ఇంటికొచ్చి, చివరి ముక్క నన్నెలా దెబ్బతీసిందో మా ఆవిడకు పూసగుచ్చినట్టు చెప్పేవాణ్ణి. ఒకసారి ఆమె చపాతీలు ఒత్తుతూ, "బాగా ఆడినానని మీరు చెప్పిన దినమల్లా ఓడిపోయే వస్తా ఉండారు" అంది. నవ్వి ఊరుకున్నాను.

చెప్పుకోవడానికి నాకు ఒకే ఒక పెద్ద గెలుపు ఉండేది. అంతకుముందు పనిచేసిన కాలేజీ వాళ్లు నన్ను తీసేసిన వారం అది. చేతిలో ఏమీ లేకుండానే ఉన్న గింజలన్నీ ముందుకు తోశాను. నా స్నేహితుడు చాలాసేపు నా ముఖం చూసి, తన ముక్కలు బోర్లా పడేశాడు. ఆ ముచ్చట తర్వాత కొత్త కాలేజీ స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఆరో ఏడు ఎండాకాలంలో ఒక ఆదివారం నాకు అసలు కలిసిరాలేదు. నాకు మంచి ముక్కలు వచ్చినప్పుడల్లా నా స్నేహితుడు తప్పుకుంటున్నాడు. ఏమీ లేనప్పుడల్లా నిలబడుతున్నాడు. వరసగా నాలుగు ఆటలు అలాగే పోయాయి. నాలుగోది పోయాక, నలుగురి ముందర, "ముక్కలకి గుర్తులు పెట్టినావు నువ్వు" అన్నాను.

"ఏం మాటబ్బా అది, తప్పు" అన్నాడు కండక్టరు.

నా స్నేహితుడు గొంతు పెంచలేదు. పేక మొత్తం తీసి నా చేతిలో పెట్టి, "సూసుకో" అన్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురులో ఒక్కొక్క ముక్కా తిప్పి చూశాను. యాభై రెండూ చూశాను. ఏ గుర్తూ లేదు.

"నీ ముక్కలు నేను సూడాల్సిన పనేముండాది?" అన్నాడు. "నువ్వే చెప్తా ఉండావు గదా. మంచివి వస్తే నోరు మూసుకుంటావు. ఏమీ లేకుంటే కాలేజీ సంగతులు చెప్తానే ఉంటావు. ఆరేండ్లుగా ఇంతే."

అక్కడ ఒక్కమాట, తప్పయిందని, అని ఉంటే అయిపోయేది. అక్కడా తప్పుకోలేకపోయాను. "మరి ఆ పొద్దు నేనేమీ లేకుండా తోస్తే ఎందుకు పడేసినావు? ఆ పొద్దు కనుక్కోలేకపోయినావే" అన్నాను.

దానికి టైర్ల షాపాయన బదులు చెప్పాడు. "ఆ పొద్దు ఆయప్ప పక్కన నేనే కూసోనుంటి. చేతిలో రెండు ఆసులుండె, అంతకన్నా మంచి ముక్కలు ఎవరికీ రావు. పాపం, నీకు ఉద్యోగం పోయిందని పడేసినాడు."

"నువ్వు ఊరకుండప్పా" అన్నాడు నా స్నేహితుడు.

నేను చెప్పులేసుకుని మెట్లు దిగి వచ్చేశాను. బస్సు మొగిలి ఘాటు దిగుతున్నంతసేపూ ఫోను చేతిలోనే ఉంది. చేయలేదు. అతనే చేస్తాడేమో అనుకున్నాను. అలా అనుకుంటూనే నెలలు గడిచిపోయాయి. ఆ రోజుల్లో ఫోన్లో ఒక యాప్ పెట్టుకుని ఉత్తుత్తి గింజలతో పోకర్ ఆడాను. అందులోనూ ఓడి, యాప్ మోసం చేస్తోందని మా ఆవిడతో అన్నాను. ఆమె నావైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్లింది. ఆ చూపుకు సిగ్గేసి యాప్ తీసేశాను.

కొన్నాళ్లకు చిత్తూరు బస్టాండులో కండక్టరు కనబడ్డాడు. "ఆ గదిలో ఇప్పుడు దాణా మూటలు ఏసుకున్నాడు. ఆయప్ప మళ్లా పేక ముట్టలేదు. మేమూ పోవడం లేదు" అన్నాడు.

పలమనేరు వెళ్లడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఒక పొద్దున వెళ్లేసరికి నా స్నేహితుడు పాలక్యాన్లు ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని, "రండి సార్, కూసోండి" అన్నాడు. పదిహేడో ఏట నుంచి మేం ఒకరినొకరం నువ్వు అనే పిలుచుకున్నవాళ్లం.

"ఆ పొద్దు నేనన్నది తప్పు. నన్ను మన్నించు" అన్నాను.

"ఎప్పటిదో సార్ అది. మీరేం మనసులో పెట్టుకోవద్దండి" అన్నాడు. టీ తెప్పించాడు. మా పాప ఏం చదువుతోందో అడిగాడు. ఆటో వెళ్లాల్సిన టైమైందని లేచి, నన్ను రోడ్డుదాకా సాగనంపాడు. మళ్లీ రమ్మనలేదు.

ఉగాదికి, దసరాకు నేనే ఫోన్ చేస్తాను. ఎత్తుతాడు. వానలు పడ్డాయా, ఇంట్లో అందరూ బాగున్నారా అనుకుంటాం. రెండు నిమిషాల్లో ఇద్దరి మాటలూ అయిపోతాయి. నేను తప్పు ఒప్పుకోవాల్సింది ఆ మధ్యాహ్నమే, ఆ నలుగురి ముందరే.