సత్తెమ్మకు ఇవ్వని పంపు

మొజంజాహీ మార్కెట్ నుంచి నాంపల్లిలోని మా ఇంటికి నడిచి వస్తుంటే నా భార్య సత్తెమ్మ ఎప్పుడూ నాకంటే పది అడుగులు ముందుండేది. "నడుస్తున్నవా, నిద్రపోతున్నవా?" అని వెనక్కి తిరిగి నన్ను ఎక్కిరించేది. ఆ రోజు పండ్ల సంచీ నా చేతిలోనే ఉంది. ఆమెవి ఖాళీ చేతులు. అయినా రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడింది. ఏందే అని అడిగితే, "ఏం లేదు, ఛాతీల పిల్లి కూస్తున్నది" అంది. దగ్గరికి పోతే నాకూ వినిపించింది.

ముందు టీబీ అని భయపడ్డాం. దవాఖానలో కఫం పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. టీబీ కాదు, ఆస్తమా అన్నారు. టీబీ కాదన్న మాట విని సంతోషంతో ఆమెకు ఐస్‌క్రీం తినిపించాను. నా తెలివి అంత.

ఆయాసం వచ్చినప్పుడల్లా ఇంజెక్షన్. నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ మొదలు. పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఆనుకుని కూర్చునేది. మా వీధిలోని మందుల షాపతను "అలర్జీ గోలీ ఇస్త, జర నిద్ర గూడ పడ్తది" అని ఒక మాత్ర ఇచ్చాడు. అది యాంటీహిస్టమిన్ అని తరవాత తెలిసింది. దాంతో సత్తెమ్మకు నిద్ర పట్టింది. పగలు కూడా కళ్లు వాలిపోయేవి, నోరు ఎండిపోయేది. మనిషి నిద్రపోతోంది కదా, జబ్బు తగ్గుతోందనుకున్నాను.

ఒక తెలిసినాయన చెబితే నాంపల్లిలోనే ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కోస్తా వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. నోటితో పీల్చే పంపు రాశాడు. "ఇది స్టెరాయిడ్ ఇన్‌హేలర్. ఈ మధ్యే వచ్చింది, బొంబాయి నుంచి తెప్పించుకోవాలి. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు పీల్చాలి. ఆయాసం ఉన్నా లేకపోయినా సరే. అప్పటికప్పుడు పనిచేసేది కాదమ్మా ఇది" అన్నాడు. నేను తల ఊపాను. మా దుకాణానికి వచ్చే ఒక గిరాకీ బొంబాయి పోతుంటే చెప్పి పంపాను. నెల తరవాత పంపు చేతికొచ్చింది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను అబిడ్స్‌లో బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌ని. మా పనిలో మొదట మామూలు చీరలే పరుస్తాం. మంచి సరుకు లోపలి అల్మారాలో ఉంటుంది. గిరాకీ లేచి వెళ్లిపోతుందనిపించినప్పుడే దాన్ని తీస్తాం. ఇరవై ఏళ్లు అదే చేసిన చెయ్యి ఇంట్లో మాత్రం ఊరుకుంటుందా? గోలీతో పని జరుగుతున్నప్పుడు పంపు ఎందుకు ఖర్చు చెయ్యాలి, అయిపోతే మళ్లీ ఎవరు తెస్తారు అనుకున్నాను. దాన్ని నా ఇనప పెట్టెలో అడుగున పెట్టాను. ఆయాసం బాగా ముదిరినప్పుడే తీసి ఇచ్చాను. అప్పుడది ఏమీ చెయ్యలేదు. పేరుకే ఫారిన్ అని తిట్టుకుని మళ్లీ పెట్టెలో పెట్టాను.

తరవాత డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, "పంపు రోజూ పీలుస్తున్నావా అమ్మా?" అని అడిగాడు. సత్తెమ్మ ఒకసారి నా వంక చూసి, "ఔ సార్, రెండు పూటల" అంది.

పంపు పీలుస్తున్నా ఆయాసం ఎందుకు తగ్గలేదో ఆయనకు అంతుపట్టలేదు. వేరే మందులేం వాడుతున్నారని అడిగితే గోలీ సంగతి మాత్రం చెప్పాను. "యాంటీహిస్టమిన్ కఫాన్ని ఎండబెడుతుందంటారు. పంపు మందు లోపలికి దిగడం లేదేమో. ఈ రెండు మందులకూ పడదని నేనెక్కడా చదవలేదు. అయినా ఆపి చూద్దాం" అన్నాడు. తప్పు ఆ గోలీదైనందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

గోలీ మానేశాం. సత్తెమ్మకు ఉన్న కాస్త నిద్రా పోయింది, ఆయాసం మాత్రం పోలేదు. పంపు ఈమెకు పనిచెయ్యదని రాసుకుని, డాక్టరు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాడు. తగ్గించినప్పుడల్లా ఆయాసం తిరగబెట్టేది, మళ్లీ పెంచేవాడు. ఆరు నెలల్లో ఆమె మొహం గుండ్రంగా ఉబ్బింది. షుగర్ వచ్చింది. ఒకరోజు పొద్దున నీళ్ల బకెట్ ఎత్తబోయి నడుము పట్టుకుని కూలబడిపోయింది.

డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూశాడు. "వెన్నెముకలో ఒక ఎముక నలిగింది. ఇన్నాళ్లు ఇచ్చిన ఆ మాత్రల వల్లే. పంపు పనిచేసి ఉంటే నేను వాటి జోలికి పోయేవాణ్ణి కాదు" అన్నాడు. సత్తెమ్మ బయట బల్ల మీద ఉంది. అప్పుడు చెప్పాను. పంపు దాదాపు నిండుగానే నా పెట్టెలో ఉందని చెప్పాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "రెండు మందులకూ పడలేదేమోనని పుస్తకాలన్నీ తిరగేశానయ్యా. అసలు ఒక మందు ఆమె పీల్చనే లేదన్నమాట" అన్నాడు.

ఇంటికొచ్చాక సత్తెమ్మను అడిగాను, ఆ రోజు ఔనని ఎందుకు చెప్పినవు అని. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "అంత పెద్ద మనిషి ముందర నిన్ను తలదించుకునేటట్టు జేస్తనా? మల్లొచ్చినప్పుడు నువ్వే చెప్తవనుకున్న. ప్రతిసారి గట్లనే అనుకున్న."

నా తల కొట్టేసినట్టయింది. ఆరు నెలల్లో ఆ డాక్టరు దగ్గరికి ఎన్నిసార్లు పోయామో నాకు లెక్క లేదు.

ఇప్పుడు రెండేళ్లయింది. పంపు రోజూ రెండు పూటలా పీలుస్తోంది, పీల్చాక నోరు పుక్కిలిస్తోంది. మాత్రలు మెల్లమెల్లగా తగ్గించారు కానీ పూర్తిగా ఆపలేకపోయారు. వంగిన నడుము లేవదు, షుగర్ పోదు. గల్లీ చివరి దాకా కూడా నడవలేకపోతోంది. బాగవుతుందని డాక్టరు చెప్పలేదు, నేనూ అడగడం మానేశాను.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏ మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే, ఇచ్చినవి అందరం చెబుతాం. ఇవ్వనిది కూడా చెప్పండి. సిగ్గనిపించినా అడిగిన ఆ రోజే చెప్పండి. మళ్లీ వచ్చినప్పుడు చెబుతారని మీ ఇంట్లో మనిషి ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తూ ఉంటుంది.