వరుసలో ఐదోది

నా పనేంటో మా ఇంట్లోవాళ్ళకు చెప్పీ చెప్పీ విసిగిపోయాను. సోలార్ పార్కులో పానెళ్ళు కడిగే ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా పనిచేస్తారు. వాళ్ళ పేర్లు కాంట్రాక్టర్ల ఫైళ్ళలో ఉంటాయి. ఆ పేర్లను రోజూ గేటు మిషన్‌లోకి చేర్చే ప్రోగ్రాం నేను చూసుకుంటాను. గుంపుకొక టాస్కు, అంటే ఆ గుంపు ఫైల్లోంచి పేర్లు తెచ్చి పెట్టే పని. టాస్కులన్నీ ఒక వరుసలో, పైనుంచి కిందికి నడుస్తాయి. టాస్కు నడిస్తే పేరు గేటుకు చేరుతుంది, కార్డు పెట్టగానే లోపలికి వదులుతారు. నడవకపోతే బయట ఎండలో నిలబడాల్సిందే. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు.

వరుసలో ఐదోది మా చిన్నమ్మ గుంపు. అమ్మకు సొంత చెల్లెలు, పార్కు పక్కనే ఉన్న రాయచెర్లు ఊళ్ళో ఉంటుంది. పార్కుకు భూములు లీజుకిచ్చిన ఆడవాళ్ళు పనిలో చేరేటప్పుడే ఒక పట్టు పట్టారు. ఎవరి చేలో పానెళ్ళు వాళ్ళే కడుగుతారట. అందుకే చిన్నమ్మకు తన బ్లాకు నంబరు ఈరోజుకీ తెలియదు, ‘మా శెనక్కాయల చేను’ అంటుంది. ఇంకో బ్లాకులో పని సులువని ఒకసారి అన్నానో లేదో, నా మీదికి లేచింది.

“మా చేన్లో దుమ్ము ఇంకొకరు కడగాల్నా? నా పాణం ఉండంగా అది జరగదు పాపా!”

ఒక కాంట్రాక్టరు పని మానుకుపోయాడు. అతని రెండు గుంపులు వరుసలో మూడోది, నాలుగోది. వాటిని తీసేయాలి. ఆ పని నాకు వదిలేస్తే అయిపోయేది. కానీ బెంగళూరులో కూర్చునే మా టీమ్ లీడర్‌కు ఆరోజు చెయ్యి దురద పెట్టింది. ఫోన్లో నేను వింటుండగా, స్క్రీన్ మీద నేను చూస్తుండగా తానే మొదలుపెట్టాడు.

“సార్, కిందినుంచి తీయండి. ముందు నాలుగోది, తర్వాత మూడోది” అన్నాను.

“ఏదైతే ఏంటమ్మా, రెండూ పోయేవే కదా!”

మూడోది తీసేశాడు. తీయగానే కిందున్నవన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. పోవాల్సిన నాలుగోది మూడో చోటికి వచ్చింది, చిన్నమ్మ గుంపు నాలుగో చోటికి వచ్చింది. “సార్, ఆగండి!” అని అరిచాను. ఆయన దర్జాగా “ఇప్పుడు నాలుగు” అంటూ నాలుగో చోటున్నదాన్ని తీసేసి, ఇంకో మీటింగ్ ఉందని ఫోన్ పెట్టేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆరోజు తెలిసింది.

మరుసటి రోజు పొద్దున్నే చిన్నమ్మ ఫోన్. “ఏంది పాపా ఇది, మిషను మా కార్డులకు ఎర్రగా కొడ్తాండాది. వాచ్‌మనేమో మా పేర్లు లేవంటాడు. ఏం తప్పు జేసినామని?”

ఆమె తప్పేం లేదు. ఆ మాట లీడర్‌కు చెప్తే, సరేలే, మళ్ళీ చేర్చడానికి అనుమతి పెట్టు అన్నాడు. తీసేయడానికి ఒక వేలు చాలింది. చేర్చడానికి మాత్రం పెద్దమనుషులంతా వరసగా ఒప్పుకోవాలట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, లీడర్ ఊ అంటే ఆయన పైవాడు సెలవులో ఉంటాడు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. మెయిళ్ళు పెట్టాను, ఫోన్లు చేశాను, ఒకరోజు ఏడ్చాను కూడా. ఎవడికీ పట్టలేదు.

చిన్నమ్మ గుంపు మాత్రం రోజూ సద్ది కట్టుకొని గేటు దగ్గరికి వచ్చేది. నేను ఆఫీసుకు పోవాలంటే వాళ్ళను దాటే పోవాలి.

“లోపల ఉండేది నువ్వే కదా, మా పేర్లు నువ్వే పెట్టేయరాదా?” అని చిన్నమ్మ అడిగింది.

“నా చేతిలో లేదు చిన్నమ్మా.”

“మరి పొద్దస్తమానం ఆ డబ్బా ముందర కూర్చోని ఏం చేస్తావ్?”

ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు. లోపలికి పోయి, సెలవులో ఉన్న ఆ పైవాడికి ఇంకో మెయిల్ పెట్టాను.

చివరికి అనుమతి వచ్చింది. ఆ సాయంత్రమే చిన్నమ్మకు ఫోన్ చేసి, రేపు పనికి రండి అని గట్టిగా చెప్పాను. టాస్కు చేర్చి నడిపాను. ‘విజయవంతం’ అని వచ్చింది. లీడర్ వెంటనే ఫోన్ చేసి, “చూశావా, ఊరికే కంగారు పెట్టావు” అన్నాడు. కానీ చేరిన పేర్లు సున్నా. చిన్నమ్మ గుంపు కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను.

“ఆ గుంపు యాడుండాది మేడం? గేటు లెక్కలో మనుషులే కనపడ్లేదని ఆ బ్లాకుకు తుడిచే మిషన్ పెట్టేసినారు. నా ఫైల్లో పేర్లు నేనే తీసేసినా.”

లీడర్‌కు మళ్ళీ ఫోన్ చేశాను. “టాస్కు నడిచింది కదమ్మా, ఫైల్లో పేర్లు లేకపోతే మనమేం చేస్తాం?” అన్నాడు. చిన్నమ్మకు ఫోన్ చేయడానికి నాకు నోరు రాలేదు.

పొద్దున్న గేటు దగ్గరికి పోయేసరికి ఆమె వచ్చేసింది. కార్డు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకుంది. కంచె దగ్గరికి పోయి, తీగల్లోకి వేళ్ళు దూర్చి లోపలికి చూస్తూ నిలబడింది. ఆమె చేలో పానెళ్ళ మీద తుడిచే మిషను నిదానంగా పాకుతోంది.

“అప్పా,” అని వాచ్‌మన్‌ను పిలిచింది, “అది ఆ మూల వదిలేసి పోతాండాది. ఎవరన్నా పోయి చెప్పండప్పా.”