అప్పడాల కర్రంత కడ్డీ

నోరీన్‌ను పెళ్లి చేసుకోవాలని తేల్చుకోవడానికి డెల్బర్ట్ ఆస్మన్‌కు పట్టుమని పక్షం రోజులు పట్టలేదు. కారుకు ముందు కడ్డీ ఏది వేయించాలో తేల్చుకోవడానికి మాత్రం దాదాపు ఏడాది పట్టింది.

రెడ్‌లాండ్స్‌లో అతనిది కళ్లజోళ్ల దుకాణం. వచ్చినవాళ్ల కళ్ల ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని జీవితమంతా అడిగిన మనిషి. ఎవరైనా నిమిషం ఆలోచిస్తే విసుక్కునేవాడు. తన వంతు వచ్చేసరికి తెలిసింది ఆ ప్రశ్న ఎంత పాపిష్టిదో.

కారు సంగతి చెప్పాలి. పొడుగు ముక్కు, రెండే సీట్లు, నారింజ రంగు. వయసులో ఉన్నప్పుడు కొన్నాడు, ఇద్దరూ కలిసే ముసలివాళ్లయ్యారు. ఇలాంటి కార్ల అడుగున ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. స్వే బార్ అంటారు. మలుపులో కారు ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టుకునేది అదే. కడ్డీ లావెక్కితే ఒరుగుడు తగ్గుతుంది. ఇంతవరకూ ఎవరికీ తగవు లేదు. ఎంత లావు అన్నదగ్గరే స్నేహాలు చెడతాయి.

డెల్బర్ట్‌కు ఈ కడ్డీ గొడవ పట్టుకోవడానికి కారణం ఒక టోపీ. ఏటా అక్టోబరులో, పెళ్లిరోజున, నోరీన్‌ను ఎక్కించుకుని కొండ మీది యాపిల్ తోటలకు వెళ్లి, అక్కడ వేడి వేడి 'యాపిల్ పై' అనే తీపి వంటకం తినిరావడం వాళ్ల ఆనవాయితీ. దారిలో ఒక దొడ్డి దగ్గర నోరీన్ కిటికీలోంచి చూపిస్తూ, "డెల్, అటు చూడు, ఎంత ముద్దుగా ఉన్నాయో" అనేది. డెల్బర్ట్ మలుపు మీంచి కళ్లు తిప్పకుండా, "ఆఁ, మంచి గుర్రాలు" అనేవాడు. అదీ ఆనవాయితీలో భాగమే. ఒక అక్టోబరులో మాత్రం ఆమె దొడ్డి దాకా ఆగలేదు. అతని తల మీది టోపీ అందుకుని, పొద్దుటి ఫలహారమంతా అందులోకి అప్పగించేసింది. అది కార్ల సంఘం వాళ్లిచ్చిన టోపీ.

"ఇంక ఈ కారెక్కను డెల్" అంది మూతి తుడుచుకుని. "ఇది కారు కాదు, పడవ. వచ్చే ఏడు నువ్వు దీంట్లో రా, నేను నా కార్లో వెనకాల వస్తా."

"పెళ్లిరోజున మొగుడొక కార్లో, పెళ్లామొక కార్లోనా?"

"ఒకే కార్లో వెళ్లి విడిపోవడం కంటే నయమేగా."

ఆ మాట డెల్బర్ట్‌కు ముల్లులా గుచ్చుకుంది. ఆమె పక్కన లేని కొండ ప్రయాణం అతనికి ఊహకే అందలేదు. పడవను కారు చేసి ఆమెను మళ్లీ ఎక్కించుకుంటానని పట్టుపట్టాడు.

పాత కార్ల మగవాళ్లందరూ శనివారం పొద్దున్నే డోనట్ల కొట్టు ముందు చేరి, బానెట్లు ఎత్తిపెట్టి, ఒకరి ఇంజిన్లో ఒకరు తలలు దూర్చి నించుంటారు. అడగకుండానే సలహా ఇస్తారు, అడిగితే ఇంటికి పోనివ్వరు. అక్కడ రాయని చట్టం ఒక్కటే. పళ్లు తోముకునే బ్రష్షూ కారు తాళంచెవీ ఎవరివి వాళ్లవే.

"రేసుకా, రోడ్డుకా?" అన్నాడు టాక్ మొరినాగా. అందరికంటే పెద్దవాడు.

"రోడ్డుకే పెద్దాయనా. నోరీన్ కోసం."

"అయితే ఇప్పుడున్నదానికంటే ఒక్క మెట్టు లావుది చాలు నాయనా."

"ఒక్క మెట్టా?" అన్నాడు రాయిస్ టిల్‌మన్, నోట్లో డోనట్ పెట్టుకుని. "ఒరేయ్ డెల్, కడ్డీ వేస్తే అందరూ వంగి చూసేలా ఉండాలి. నాది చూడు." చూశారు. అప్పడాల కర్రంత లావుంది. డెల్బర్ట్ కారుతో వచ్చిన కడ్డీ దాని ముందు అగరువత్తిలా తోచింది.

నేను చూసినంతలో, ఆ గుంపులో ఎవరినడిగినా కారు రోడ్డుకే అంటారు, సామాను మాత్రం రేసుకు కొంటారు. డెల్బర్ట్ నెలల తరబడి ఊగిసలాడాడు. నిద్రలో కూడా "ఇది బాగుందా, అది బాగుందా" అని గొణిగేవాడట. చివరికి అప్పడాల కర్రే కొన్నాడు.

బిగించాక మలుపుల్లో కారు బల్లలా ఒరగకుండా తిరిగింది. డెల్బర్ట్ ఒక్కడే ఊరంతా తిరిగి, ఒక్కడే నవ్వుకుని, నోరీన్‌ను బజారుకు తీసుకెళ్లాడు. మలుపుల్లో ఏ బాధా లేదు. అయితే ఆ ఊళ్లో వీధి మూలల్లో వాననీటి కోసం రోడ్డుకు అడ్డంగా పల్లాలు తీసుంటాయి. ఒక చక్రం పల్లంలోకి దిగితే, లావు కడ్డీ రెండోదాన్నీ తోడు లాగుతుంది. నోరీన్ తల ఆ కిటికీకి ఒకసారి, ఇతని భుజానికి ఒకసారి కొట్టుకుంది. నాలుగో మూల దగ్గర, "ఆపు" అని దిగి, సంచీ పట్టుకుని ఇంటికి నడిచిపోయింది.

"మొన్నటిదాకా పడవ. ఇవాళ గాడిద" అంది సాయంత్రం.

శనివారం డెల్బర్ట్ డోనట్ ముట్టుకోలేదు. "నాకేమీ తెలియలేదు పెద్దాయనా. నా సీట్లో హాయిగానే ఉంది" అన్నాడు.

టాక్ కాఫీ ఊదుకుంటూ, "ఆవిడ సీట్లో ఎప్పుడన్నా కూర్చున్నావా?" అన్నాడు.

డెల్బర్ట్ రాయిస్ వైపు చూస్తే, రాయిస్ నేలకేసి చూస్తున్నాడు. ఒక్కొక్కరు ముప్పై ఏళ్ల నుంచీ తోలుతున్న కార్లవి. సొంత కారు పక్క సీట్లో కూర్చున్నవాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు. కూర్చోవాలంటే తాళంచెవి ఇంకొకరికివ్వాలి కదా.

"పోనీ నేను తోలతా" అన్నాడు రాయిస్, చెయ్యి చాపి.

డెల్బర్ట్ తాళంచెవి జేబులోకి ఇంకా లోపలికి తోశాడు. ఇవ్వక తప్పదనుకుంటే, టోపీ పాడుచేసిన మనిషికే ఇవ్వాలనుకున్నాడు.

నోరీన్ రిటైరయ్యేదాకా స్కూలు బస్సు తోలింది. ఆ సంగతి డెల్బర్ట్‌కు తెలియక కాదు. బస్సు వేరు, కారు వేరు అనుకునేవాడు. ఆమె సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సర్దుకుని బయల్దేరింది. మొదటి పల్లంలో డెల్బర్ట్ తల కిటికీకి తగిలింది. రెండో పల్లంలో నాలుక కరుచుకున్నాడు. మూడోదాని ముందే, "తల్లీ, ఆపు" అన్నాడు.

అప్పడాల కర్ర ఊడింది. టాక్ చెప్పిన ఒక్క మెట్టు లావు కడ్డీ వచ్చింది. ఈసారి డెల్బర్ట్ పక్క సీట్లో, ఒళ్లో కాఫీ కప్పు పెట్టుకుని కూర్చున్నాడు. పల్లాలు దాటారు, కొండ కింది మలుపులు తిరిగారు. చుక్క ఒలకలేదు.

"చూశావా, కుదిరింది" అన్నాడు పొంగిపోతూ. "ఇటివ్వు, ఇప్పుడు నేను తోలతా. నువ్వు కప్పు పట్టుకో."

అదే కడ్డీ, అదే రోడ్డు. రెండో మలుపులో నోరీన్ గౌను మీదకి సగం కాఫీ వచ్చింది. మూడో మలుపులో మిగతా సగం వచ్చింది. డెల్బర్ట్ పక్కకు తీసి ఆపాడు. మలుపు ముందు బ్రేకు తొక్కడం, మధ్యలో కాలు తీయడం, బయటపడగానే యాక్సిలరేటరు తొక్కడం, అన్నీ తన కాలే చేస్తోందని అతనికి ఇప్పుడు అర్థమైంది. కాలిని తేలిక చేసే కడ్డీ ఎక్కడా అమ్మరు.

"గౌను ఉతుక్కుంటే పోతుందిలే" అంది నోరీన్, అతని మొహం చూసి జాలిపడి.

అక్టోబరులో పెళ్లిరోజు వచ్చింది. డెల్బర్ట్ కారు తుడిచి, డ్రైవరు వైపు తలుపు తెరిచి పట్టుకుని నించున్నాడు.

"ఎక్కు" అన్నాడు.

"నిజంగానా? డోనట్ల దగ్గర ఏం చెప్పుకుంటావు?"

"కడ్డీ కుదిరిందని చెప్పుకుంటా."

కారు మెత్తగా కొండెక్కింది. డెల్బర్ట్‌కు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు లేని బ్రేకు తొక్కాడు. తర్వాత కిటికీ అద్దం దించి బయటికి చూశాడు. కంచె వచ్చింది, దొడ్డి వచ్చింది. దొడ్డిలో పొడుగు మెడలు, గుండ్రటి కళ్లు, రెండేసి కాళ్లు. ఒకటి రెక్కలు విదిల్చి అతనికేసే చూసింది.

"నోరీన్" అన్నాడు మెల్లగా. "అవి నిప్పుకోళ్లు."

"అవును."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి నేను గుర్రాలంటుంటే చెప్పలేదేం?"

"మొదటి ఏడు వేళాకోళం అనుకున్నా. తర్వాత నుంచి 'అటు చూడు' అని ఏటా చెబుతూనే ఉన్నాగా."

ఊరందరికీ చూపు కుదిర్చిన మనిషికి సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఆమె ఒక్కతే చూసిందని బాధేసింది.

"కాస్త ఆపుతావా?" అన్నాడు.

నోరీన్ కంగారుగా అతని తల మీది కొత్త టోపీ తీసి అతని ఒళ్లోనే పెట్టింది. "వికారమా?"

"కాదు. చూద్దామని."