నా పళ్ళు, వాళ్ళ కాళ్ళు

పోయిన వారం మా మేనల్లుడు వడ్లు అమ్మడానికి సూర్యాపేట మార్కెట్ యార్డుకు పోతుంటే నేనూ ట్రాక్టరెక్కి కూర్చున్నాను. నాకక్కడ పనేమీ లేదు. ఇంట్లో ఉంటే కోడలితోపాటు సీరియల్ చూస్తూ, ఎవరు ఎవరికి విషం పెడుతున్నారో రోజంతా తెలుసుకోవాల్సి వస్తుందని భయపడి వెళ్ళాను. యార్డులో ఒక ఉద్యోగి అమ్మాయి గుప్పెడు వడ్లు తీసి చిన్న మిషన్లో పోసింది, ఒక అంకె కనబడింది, తేమ ఎక్కువుంది, ఆరబెట్టుకుని రండి అని పక్క కుప్ప దగ్గరికి వెళ్ళిపోయింది. మావాడి మొహం మాడిపోయింది. నాకేమో పాత రోషం పొడుచుకొచ్చి, రెండు గింజలు నోట్లో వేసుకుని పటుక్కున కొరకబోయాను. కట్టుడు పళ్ళు కదా, పై సెట్టు ఊడి నాలుక మీద పడింది. పక్కనున్న రైతులు నవ్వారు, నేనూ నవ్వాను, ఏం చేస్తాను!

మావాడు మాత్రం నవ్వలేదు. వడ్లు ఆరబోయడానికి టార్పాలిన్ పట్టాలు పరుస్తూ, "మామా, మీ మిర్యాలగూడ సేటు అయితే గిట్ల తిప్పలు పెట్టకపోతుండెనా? అసలు ఆయన మంచోడేనా, కాదా?" అని అడిగాడు. జవాబు చెబుదామని నోరు తెరిచాను. జేబులోని పళ్ళు చూపించి తప్పించుకున్నాను. నిజానికి పళ్ళు లేనందువల్ల కాదు, ఆయన మంచివాడో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

నా ఈడువాళ్ళకు తెలుసు, అప్పట్లో ఈ మిషన్లు లేవు. మిల్లు గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ప్రతి బండిలోనూ చెయ్యి పెట్టి, అడుగునుంచి నాలుగు గింజలు తీసి కొరికేవాడు. పటుక్కున విరిగితే ఎండినట్టు, పంటికింద అణిగితే తడి ఉన్నట్టు. తడి అంటే బండి వెనక్కి తిరగాల్సిందే. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఆ కొరికే మనిషిని నేను. చదువు పదితో ఆగిపోయినవాడికి పళ్ళతో ఉద్యోగం దొరికిందని మా ఊళ్ళో ఎంత ఎగతాళి చేశారో! ఆ విద్య నాకు నేర్పింది మాత్రం మిల్లు కళ్ళంలో వడ్లు ఆరబోసే ఆడవాళ్ళలో పెద్దామె. ఆమెను పెద్దమ్మా అని వరుస కలిపి పిలిచేవాణ్ణి. పదహారు మంది ఆడవాళ్ళు ఎర్రటి ఎండలో సిమెంటు కళ్ళం మీద పరిచిన వడ్లలో బారుగా నడుస్తూ, కాళ్ళతో సాళ్ళు తీస్తూ గింజను తిప్పేవాళ్ళు. పెద్దమ్మకు కొరకడం కూడా అక్కర్లేదు, అరికాలితో తొక్కి తడో ఎండో చెప్పేది.

అందరూ సేటు అని పిలిచే మా యజమానిది కోదాడ అవతల పల్లె, మాటలో ఆంధ్రా యాస వినబడేది. తెల్లటి ధోవతి, జేబునిండా వక్కపొడి. దానాలూ దండలూ ఆయనకు గిట్టవు. చందాకు వచ్చినవాళ్ళతో, "నాకు పుణ్యం వద్దండీ, వడ్లు కావాలి" అనేవాడు. అయితే తూకంలో గింజ తేడా రానిచ్చేవాడు కాదు. అదేమిటని అడిగితే, తూకం బాగుంటే రైతు మళ్ళీ మన గేటుకే వస్తాడని చెప్పేవాడు. నిజాయితీని కూడా మోటారు బెల్టులాగా మిల్లు సామాను కింద జమకట్టిన మనిషి, ఇంకేమనాలి?

ఒక ఏడు కోతల మీద వాన పడింది. బావ పోయాక మా అక్క నేరేడుచర్ల పక్క మా ఊళ్ళో మూడెకరాలు కౌలుకు పట్టి ఒంటి చేత్తో సేద్యం చేస్తోంది. ఆ ఏడు పంట పోతే కౌలు చేను కూడా చేజారిపోతుంది. ఇప్పుడు యార్డులో పట్టాలు పరిచిన ఈ మేనల్లుడు అప్పటికి చంకబిడ్డ. అక్క బండి మా గేటు ముందు ఆగింది, నేను చెయ్యి పెట్టి తీసి కొరికాను. గింజ పంటికింద మెత్తగా అణిగిపోయింది. అక్క నా నోటివైపే చూస్తోంది. పిల్లవాడు ఆమె భుజం మీద నిద్రపోతున్నాడు.

ఎండినయ్ అని చెప్పేశాను.

నాలుగు రోజులు దాటాయో లేదో గోదాములో కుప్ప తడికి లోపల వేడెక్కి కాగడం మొదలుపెట్టింది. పెద్దమ్మ చెయ్యి లోపలికి దూర్చి చటుక్కున వెనక్కి తీసుకుని నావైపు చూసింది. అక్క వడ్లతోపాటు పక్కనున్న పరాయి రైతుల వడ్లు కూడా ముక్కిపోయి, ఆడిస్తే బియ్యం పసుపు రంగులో వచ్చింది. యజమాని గదిలోకి పిలిచి అడిగితే దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. ఆయన వక్కపొడి నములుతూ, "నిన్ను తీసేస్తే ఎదుటి మిల్లువాడు రేపే పెట్టుకుంటాడు. నీ పళ్ళ కోసం ఉంచుతున్నానయ్యా, నీ మొహం చూసి కాదు" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. తడి వడ్లు తెచ్చేది మీ అక్క ఒక్కతే కాదు, వచ్చే పంటకు ఆమెలాంటి చిన్న రైతులను మన కళ్ళంలో ఊరికే ఆరబెట్టుకోమను, ఎండాక మనకే, ఆ రోజు బజారు ధరకే అమ్మాలి, వాళ్ళు నీ నోటివైపు చూసి ఏడవక్కర్లేదు, నాకూ కుప్పలు కాగవు అన్నాడు.

చెప్పినట్టే చేశాడు. మరుసటి పంటకు అక్క వడ్లు మా కళ్ళంలో ఎండి, మంచి ధర పలికాయి. కౌలు చేను నిలబడింది. నేరేడుచర్ల చుట్టుపక్కల మా యజమానిని దేవుడన్నారు, ఆయనేమో ఆ మాటకు విసుక్కునేవాడు. గేటు ముందు బండ్లు బారులు తీరాయి. నేనైతే తలకు పొగరెక్కి తిరిగాను. అక్కకు మేలు, యజమానికి లాభం, నాకు ఉద్యోగం. ఎవడి స్వార్థం వాడు చూసుకుంటే అందరికీ న్యాయం జరుగుతుందని నా కళ్ళతో చూశానని హోటల్లో కూర్చుని వచ్చినవాడికల్లా చెప్పేవాణ్ణి.

ఆ పంట అయ్యాక మా అక్క ఒక గంపలో కొత్త బియ్యం ఎత్తుకొచ్చి, యజమాని గదివైపు తిరిగి కూడా చూడకుండా నేరుగా కళ్ళంలోకి పోయి పెద్దమ్మ ముందు దించింది. సేటుకు కదా ఇవ్వాల్సింది అని నేను గొణిగితే నన్ను ఎగాదిగా చూసి, "సేటు జాగ ఇచ్చిండు తమ్మీ. ఎండలో తిప్పిందెవరు?" అంది. అప్పుడుగానీ నాకు వెలగలేదు. ఊరికే ఆరబెట్టుకోమన్నాం కానీ, మిల్లు వడ్లు తిప్పాక రైతుల వడ్లు కూడా ఆ పదహారు మందే తిప్పారు. పని రెండింతలైంది, కూలి మాత్రం పెరగలేదు. వెలిగింది కదా, మరి యజమానితో మాట్లాడానా? లేదు. ఉద్యోగం నిలబడిన కొత్త కదా, నోరు లేవలేదు.

రెండు మూడేళ్ళకు మిల్లులోకి వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ మిషన్ వచ్చింది. అదే గది, అదే వక్కపొడి, అదే గొంతు. కళ్ళం పని ఇక అక్కర్లేదు, ఈ నెలతో సరి అని వాళ్ళకు చెప్పమని నన్నే పంపాడు. పోనీ నాలుగు నెలలు ఆగుదామని బతిమాలాను. అవసరం లేనిదాన్ని ఎందుకు ఉంచుకుంటామయ్యా అన్నాడు, కోపంగా కూడా కాదు. మాట తప్పలేదు, కూలి ఎగ్గొట్టలేదు, ఏమని తప్పు పట్టను? కళ్ళంలోకి పోయి చెప్పాను. పెద్దమ్మ కాళ్ళకున్న దుమ్ము దులుపుకుంటూ, "గంతేనా కొడుకా! సేటుకు నీ పళ్ళు లాభం, మా కాళ్ళు దండుగ. నువ్వు అబద్ధమాడితే ఉంచుకున్నడు, మేం నిజంగ పని చేస్తే పొమ్మన్నడు. జర నాకు సమజయ్యేటట్టు చెప్పు" అంది. నేను గేటు దగ్గరికి పోయి తర్వాతి బండిలో చెయ్యి పెట్టాను. ఆ తర్వాత ఆమె వాడపల్లి వైపు కూతురి దగ్గరికి పోయిందని విన్నాను, మళ్ళీ చూడలేదు.

ఏమో, ఇప్పటికీ ఒకరోజు ఒకలాగా అనిపిస్తుంది. ఆయన స్వార్థపరుడు కాకపోతే అక్క చేను దక్కేది కాదు. దయగల మనిషిని నేనే, నా దయ వల్ల ఎండబెట్టి తెచ్చిన పరాయి రైతుల వడ్లు కూడా ముక్కిపోయాయి. అలాగని ఆయన్ని మంచివాడందామంటే పెద్దమ్మ గొంతు వినబడుతుంది. నన్ను కాపాడిన లెక్కే వాళ్ళను పంపించింది. ఒక్క లెక్క ఇద్దరికి రెండు రకాలుగా ఎలా తేలుతుందో, దాన్ని న్యాయమనాలో ఇంకేమనాలో నాకు చేతకావడం లేదు. ఇప్పుడు యార్డులో అయితే ఆ మాత్రం తికమక కూడా లేదు. మిషన్ అంకె చూపిస్తుంది, ఆ అమ్మాయి చదువుతుంది, మనం తల ఊపుతాం. అది అబద్ధం చెప్పదు, అందుకు సంతోషమే. కానీ దాని ముందు చంకలో బిడ్డతో నిలబడినా ఒకటే, నిలబడకపోయినా ఒకటే. ఇది మంచిదా చెడ్డదా అని అడగడానికి మనిషంటూ ఎవరూ కనబడటం లేదు.

మావాడికి ఇదంతా చెప్పలేదు. చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, పట్టా మీది వడ్లలోకి దిగాను. నువ్వెందుకు మామా, మోకాళ్ళు పట్టేస్తయ్ అని వాడు మొత్తుకుంటున్నా వినకుండా పెద్దమ్మ తీసినట్టు సాలు తీయబోయాను. ఒక సాలు వంకరగా వచ్చింది, రెండోది కాస్త నయం. మూడోది సగానికి రాకముందే వడ్ల నూగు గుచ్చుకుని, ఎండకు కాలి అరికాళ్ళు భగ్గుమన్నాయి, ఎగిరి పట్టా అవతల పడ్డాను. ఆ పదహారు మంది రెండు మూడేళ్ళు మా అక్క వడ్లు తిప్పారు, పక్కనే నీడలో నిలబడి నేను గింజలు కొరికాను. కాళ్ళు కాలుతున్నాయా అని నేను ఒక్కనాడూ అడగలేదు.