నలభై స్పీడులో నిలబడ్డ కారు

ఆ రోజుల్లో కారు ఇంటికొకటి కాదు, వీధికొకటి కూడా కాదు. అందుకని దాని రోగం కనిపెట్టగలిగినవాడికి ఊళ్లో డాక్టరుతో సమానమైన గౌరవం ఉండేది. అనకాపల్లిలో ఆ గౌరవం నాకు ఇరవై రెండేళ్ళకే దక్కింది. ఇంజను గర్జిస్తోంది, కారు అంగుళం కదలదు, చుట్టూ రెండు వందలమంది జనం. నేను దిగి, బానెట్ మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని అర నిమిషం విని, "వెనక యాక్సిల్ తెగింది" అని తేల్చి చెప్పాను. మెకానిక్కు వచ్చి విప్పి చూస్తే సరిగ్గా అదే. ఈ సంగతి పెళ్ళిభోజనాల్లో పక్క కుర్చీవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనక కొంత తగ్గించక తప్పదు. (జనం ముప్పైమంది ఉంటారు. అందులో సగం ప్రసాదం కోసం ఆగినవాళ్ళు.)

అంతకుముందు నేను మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసేవాణ్ణి. మా షావుకారు గారు వైజాగులో ఓ డాక్టరు వాడి అమ్మేసిన తెల్ల కారు కొని, నాకు లైసెన్సు ఉందని తెలిసి స్టీరింగు చేతికిచ్చారు. నేను ఖాకీ చొక్కా కుట్టించుకుని, దాన్ని వేసుకుని మార్కెట్లో అవసరం లేకపోయినా నాలుగుసార్లు తిరిగాను. మర్నాడు పొద్దున్నే నూకాలమ్మ గుడి ముందు కారుకు పూజ, అక్కణ్ణుంచి నేరుగా ఎలమంచిలి వెళ్ళి వియ్యంకుడికి కారు చూపించడం, ఇదీ షావుకారు గారి ఏర్పాటు. పూజారి గారు కారు ముక్కుకు పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉంచారు. బండి తన బలంతో వాటిని తొక్కి ముందుకు సాగాలి. మెల్లగా పోనిస్తే నిమ్మకాయలు నలుగుతాయి. నాకు నలగడం చాలదు, పేలాలి, జనం వినాలి. ఇంజను హోరెత్తేలా తొక్కి, క్లచ్చి మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసేశాను. కింద 'ఠప్' మంది. "పేలింది" అన్నాను గర్వంగా. పక్క సీట్లో షావుకారు గారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. ఆయన కళ్ళు తెరిచేసరికి కూడా గుడి మా పక్కనే ఉంది. దిగి చూస్తే నాలుగు నిమ్మకాయలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మళ్ళీ ఎక్కి గేరు వేశాను. ఇంజను ఊరంతా వినబడేలా అరిచింది, బండి మాత్రం కదల్లేదు. బానెట్ మీద చెవి పెట్టిన మాట నిజమే, చెవి కాలింది కూడా. కానీ నేను చెప్పింది యాక్సిల్ అని కాదు. మొదట క్లచ్చి ప్లేటు పోయిందన్నాను. షావుకారు గారి మొహం చూసి, పెట్రోల్లో నీళ్ళు కలిశాయన్నాను. ఆఖరికి, నిమ్మకాయలు మరీ పచ్చివీ గట్టివీ తెచ్చారని అన్నాను. (ఒకాయన నిజంగానే మెత్తని కాయల కోసం బయల్దేరాడు.) నలుగురు తోస్తామని ముందుకొస్తే, వెనక సీట్లో ఉన్న షావుకారు గారి తల్లి, మేమంతా మామ్మగారు అనేవాళ్ళం, చెయ్యి అడ్డం పెట్టింది.

"మనుసులు తోసి తొక్కిత్తే అది పూజేటి? అమ్మవారికి ఇట్టం లేనట్టుంది. ఎవరి బండి ఆళ్ళకి ఇచ్చీరా నాయనా."

షావుకారు గారు తల్లి మాట దాటేవారు కాదు. కారు వెనక్కి పోతే నేనూ వెనక్కే, బెల్లం దిమ్మల దగ్గరికి. కొత్త ఖాకీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

ఈలోగా ఎవరో గుడి వెనక సందులో షెడ్డు ఉన్న మెకానిక్ భాయ్‌ని పిలుచుకొచ్చారు. నా ఈడువాడే. చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఫస్టు గేరు వేసి క్లచ్చి వదలమన్నాడు. వదిలాను. ఇంజను ఆగిపోలేదు, బండి కదలనూలేదు. అప్పుడు మామ్మగారు నా భుజం మీదుగా ముందుకు వంగి చూసింది.

"ఒరే, బండి ఇక్కడే ఉన్నాది గదా. ఆ ముల్లు అలగ ఎగబాకుతన్నాదేటి?"

చూస్తే స్పీడు చూపించే ముల్లు నలభై దగ్గరుంది. నిలబడ్డ చోటే మేము నలభై స్పీడులో పోతున్నాం. భాయ్ పగలబడి నవ్వాడు.

"రోగం మీరే సెప్పేసేరు మామ్మగారూ. ఆ ముల్లుని తిప్పేది గేరుబాక్సు. అది తిరుగుతన్నాదంటే క్లచ్చి, గేర్లు బాగానే ఉన్నట్టు. సక్రాలకాడికి ఎల్లే కడ్డీ తెగింది. అమ్మవారికేం కోపం లేదు."

మామ్మగారి మొహం విప్పారింది. తెగింది ఇనుప కడ్డీయే గనక కారు ఉండొచ్చు, కారుతో పాటు నేనూ ఉండొచ్చు. భాయ్ మధ్యాహ్నానికల్లా వేరే షాఫ్టు తెచ్చి వేశాడు. అంతసేపూ నిమ్మకాయల్ని మేకలు తినకుండా కాపలా కాసింది నేనే. తర్వాత బండిని ఎంత మెల్లగా పోనిచ్చానంటే, అవి నలిగినట్టు ఎవరికీ వినబడలేదు.

ఇక అసలు ఒప్పుకోలు. ఆ 'ఠప్' నిమ్మకాయది కాదు, యాక్సిల్‌ది. తెంపింది నేనే. సంగతి అక్కడే అర్థమైంది గానీ నోరు మెదపలేదు. తర్వాత పదకొండేళ్ళు ఆ కారును పసిపిల్లను ఎత్తుకున్నట్టు నడిపాను. మా డ్రైవరంత నెమ్మదిగా నడిపేవాడు ఈ జిల్లాలో లేడని షావుకారు గారు అందరితోనూ అనేవారు. పాపం, పోయేదాకా ఆయనకి అసలు విషయం తెలియనే లేదు. ఖాకీ చొక్కాలో బిగుసుకుని కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు, కాస్త ముద్దొస్తాడు.

ఇంతవరకూ రాసి, మొన్న టీ కొట్టు దగ్గర భాయ్‌కి చదివి వినిపించాను. వాడు గ్లాసు కింద పెట్టాడు.

"తెలీకపోడమేటి బావా? ఆ రోజే ఇరిగిన ముక్క సేతిలో పెట్టి, మీ డ్రైవరే ఇరగ్గొట్టేడని ఆయనకి సెప్పేసేను. 'నాకు తెలుసు, నువ్వు ఊరుకో. ఆడు బాగా బయపడ్డాడు, ఇంక జాగర్తగా తోల్తాడు' అన్నాడు."